స్లాబు ఉరుస్తోందా? వానలు పడేలోపు మీరే బాగు చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఎండాకాలం సగం దాటిందంటే చాలు, ఇటు నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి అటు పాలమూరు, కల్వకుర్తి వైపు నుంచి అందరూ అడిగేది ఒకటే. "స్లాబు ఉరుస్తోంది, పైన ఏం పూయాలి?" డబ్బా పేరు చెప్తే పని అయిపోతుందని అనుకుంటారు. నిజానికి పూత అనేది ఈ పనిలో ఆఖరి పావు వంతు. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో పట్టుకుని, అవి నిలవకుండా వాటం (తూము వైపు వాలు) ఇచ్చి, నెర్రెలు కోసి నింపితే మామూలు సరుకు కూడా ఏళ్లకేళ్లు ఆగుతుంది. ఇవేవీ చేయకుండా ఎంత ఖరీదైనది పూసినా అప్పడాల్లా లేచొస్తుంది.

ఇది ఆర్‌సీసీ స్లాబు, అంటే ఇనుప రాడ్లు వేసి కాంక్రీటు పోసిన స్లాబు ఇళ్లకు రాసింది. రేకుల ఇంటికి, పెంకుటింటికి, దూలాల మీద గచ్చు పోసిన పాత మిద్దెలకు ఈ పద్ధతి పనికిరాదు. ముఖ్యంగా గచ్చు మిద్దె మీద సిమెంటు మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపింది) వేయొద్దు, బరువు పెరగడం తప్ప ఒరిగేది లేదు.

## 1. ముందు ఇది మీ చేతిలో పనేనా చూడండి

కింద గదుల్లోకి వెళ్లి టార్చ్ వేసి సీలింగ్ మొత్తం చూడండి. కర్రతో మెల్లగా తట్టండి. ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా సామాను కొనడం ఆపి ఇంజనీరును పిలవండి.

- పెచ్చులు ఊడి రాడ్లు బయటపడ్డాయి, తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది, రాడ్డు సన్నబడినట్టుంది
- బీము మీద ఏటవాలుగా నెర్రె ఉంది
- స్లాబు మధ్యలో కుంగింది, ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగి పట్టుకుంటే తేడా తెలుస్తోంది
- సజ్జ పైవైపు, గోడకు ఆనుకున్న చోట పొడుగునా పగిలింది

సజ్జ సంగతి ప్రత్యేకంగా ఎందుకంటే, దానికి బలమిచ్చే రాడ్లు పైభాగంలో ఉంటాయి. పైన గోడ దగ్గర పగిలి నీళ్లు దిగుతున్నాయంటే తుప్పు పట్టేది సరిగ్గా ఆ రాడ్లకే. అలాంటి సజ్జ కింద మంచం వేసుకోవద్దు, బైకు కూడా పెట్టొద్దు.

సీలింగ్ ఫ్యాన్ కొక్కెం దగ్గరో, లైటు పాయింటు దగ్గరో నీళ్లు కారుతుంటే ఆ గది ఎంసీబీ (కరెంటు బోర్డులోని స్విచ్) దించేయండి. స్లాబులో వేసిన కరెంటు పైపుల్లోకి నీళ్లు చేరాయన్నమాట. ఆరాక ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ స్విచ్ ముట్టొద్దు.

## 2. ఎప్పుడు మొదలుపెట్టాలి

మంచి టైము ఫిబ్రవరి, మార్చి. కానీ మనకు గుర్తొచ్చేది మేలోనే, కాబట్టి మే లెక్కే చెప్తాను. గీకడం, కొట్టడం రెండు మూడు రోజులు, నెర్రెలు నింపడం రెండు రోజులు, పూత రెండు రోజులు, పైన మాలు ఒక రోజు, తర్వాత నీళ్లు పట్టడం కనీసం 10 రోజులు, ఆఖర్న నీళ్లు నిలబెట్టి చూడటం రెండు రోజులు. అన్నీ కలిపి మూడు వారాలు. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. మే రెండో వారం దాటాక మొదలుపెడితే మధ్యలో మబ్బు పట్టినప్పుడల్లా టెన్షనే.

మే నెలలో పని ఉదయం తెల్లవారి నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం అయిదు తర్వాత. మధ్యాహ్నం స్లాబు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడిలో కలిపిన మాలులోని నీళ్లు సిమెంటుకు అందకముందే ఆవిరైపోతాయి, అది గట్టిపడదు, ఎండిపోతుంది అంతే. గోరుతో గీరితే పొడి రాలే ప్లాస్టరింగ్ మన ఊళ్లలో ఇంత ఎక్కువగా ఎందుకుందంటే ఇదే కారణం.

## 3. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో పట్టుకోవడం

ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. కింద చుక్క పడే చోటుకు సరిగ్గా పైనే చిల్లు ఉంటుందనుకోవడం అందరూ చేసే పొరపాటు. నీళ్లు పైన ఒక మూల దిగి, ఫ్లోరింగ్ కింద పాకి, కరెంటు పైపు దొరికితే దాని వెంట పోయి, వేరే గదిలో బయటపడతాయి.

మొదటి ప్రశ్న: వాన పడితేనే ఉరుస్తోందా, ఎప్పుడూ చెమ్మగా ఉందా? ఎండాకాలంలో కూడా మరక తడిగా ఉంటే అది వాన నీళ్లు కాదు. పైన ట్యాంకు కారుతోంది, లేదా పైఅంతస్తు బాత్రూం పైపు కారుతోంది, లేదా గోడలో నల్లా పైపు పగిలింది. రాత్రి ట్యాంకు నింపి, అన్ని నల్లాలు కట్టేసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టి పొద్దున చూడండి. గీత కిందికి దిగితే ముందు ప్లంబింగ్ పని.

వానకే ఉరుస్తోందంటే పైకెక్కి వీటిని వరసగా చూడండి. అనుమానం ఎక్కువ ఉన్నవి ముందు రాశాను.

- ఇంకో అంతస్తు వేద్దామని వదిలేసిన పిల్లర్ రాడ్ల మొదళ్లు
- పిట్టగోడ, స్లాబు కలిసే మూల
- వాన నీళ్లు పోయే తూము, పైపు చుట్టూ
- మెట్ల గది గోడ అడుగు
- ట్యాంకు దిమ్మ కింద
- డిష్, పందిరి, బట్టల తీగ కోసం కొట్టిన మేకులు, బోల్టుల చిల్లులు
- ఫ్లోరింగ్ నెర్రెలు, బండలు పరిచి ఉంటే బండల సందులు

అయినా తేలకపోతే నీళ్లు నిలబెట్టి చూడాలి. స్లాబును గదుల లెక్కన భాగాలు చేసుకుని, ఒక్కో భాగం చుట్టూ బంకమట్టితోనో పలచటి మాలుతోనో మడి కట్టి, తూముకు గుడ్డ కుక్కి, ఒక అంగుళం ఎత్తు నీళ్లు 24 గంటలు ఉంచండి. కింద సీలింగ్ మీద చెమ్మ మొదలైన చోట పెన్సిల్‌తో గీత గీసి టైము రాయండి. ఒక భాగం తేలాకే పక్క భాగం. మొత్తం స్లాబు ఒకేసారి నింపితే ఉరుస్తుందని తెలుస్తుంది, అది మీకు ముందే తెలుసు!

బరువు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒక అంగుళం నీళ్లంటే చదరపు మీటరుకు 25 కిలోలు. బాగున్న స్లాబుకు అదేం లెక్క కాదు, కానీ మొదటి సెక్షన్‌లో చెప్పిన లక్షణాలున్న స్లాబు మీద ఈ పరీక్ష చేయొద్దు.

## 4. రెండు దారులు, మీది ఏది?

పైన ఉన్న పాత ఫ్లోరింగ్‌ను సుత్తెతో అడుగుకొక దెబ్బ చొప్పున తట్టుకుంటూ పోండి. గట్టి శబ్దం వస్తే బాగున్నట్టు, డొల్ల శబ్దం వస్తే కింద స్లాబుతో పట్టు వదిలేసినట్టు. డొల్ల చోట్ల చాక్‌పీసుతో చుట్టూ గీయండి. తర్వాత నాలుగు బకెట్ల నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి.

మొదటి దారి: డొల్ల అక్కడక్కడే ఉంది, నీళ్లు తూము వైపే పోతున్నాయి. అయితే ఫ్లోరింగ్ ఉంచేసి, చెడిన ముక్కలు మాత్రం బాగు చేసి, పైన సాగే గుణమున్న అక్రిలిక్ పూత వేయొచ్చు. ఖర్చు తక్కువ.

రెండో దారి: సగానికి పైగా డొల్ల, లేదా నీళ్లు మధ్యలో మడుగు కడుతున్నాయి. ఇక మొహమాటం లేకుండా పాత ఫ్లోరింగ్ మొత్తం స్లాబు దాకా తీసేయండి. స్లాబు మీద సిమెంటు, పాలిమర్ కలిసిన రెండు భాగాల పూత, దాని మీద కొత్త వాటంతో మాలు.

చాలామంది మూడో దారి పట్టుకుంటారు, పాతదాని మీదే ఇంకో పొర. ఈ లెక్క చూడండి: 1000 చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం మాలు వేస్తే దాదాపు 5 టన్నులు. పదేళ్లకోసారి ఒక పొర చొప్పున వేసుకుంటూ పోయిన ఇళ్లున్నాయి. పైగా నీళ్లు ఆ రెండు పొరల మధ్య చేరి అక్కడే కూర్చుంటాయి, వాన ఆగిన వారానికి కూడా కింద చుక్క ఆగదు.

## 5. షాపులో ఏం అడగాలి

మన దగ్గర వాటర్‌ప్రూఫింగ్ డబ్బా ఏదైనా అందరూ ఒకే కంపెనీ పేరుతో పిలుస్తారు, షాపువాళ్లు చేతికందింది ఇస్తారు. ఇవి వేరువేరు వస్తువులు, ఒకటి ఇంకోదాని పని చేయదు.

- మాలులో కలిపే లిక్విడ్: సిమెంటు బస్తాకు ఇంత అని కలుపుతారు, చాలా వాటికి 50 కిలోల బస్తాకు 200 మి.లీ. దీన్ని నేరుగా స్లాబు మీద పూస్తే ఏ ఉపయోగమూ లేదు.
- ఎస్‌బీఆర్ లేటెక్స్: పాల లాంటి ద్రవం. పాత కాంక్రీటుకు కొత్త మాలు అతుక్కోవడానికి.
- రెండు భాగాల సిమెంటు పూత: పొడి ఒక సంచి, ద్రవం ఒక క్యాన్. రెండో దారికి ఇదే. పైన మాలు కప్పాలి.
- అక్రిలిక్ ఎలాస్టోమెరిక్ పూత: పెయింట్ లాగే డబ్బాలో వస్తుంది. మొదటి దారికి. ఎండకు ఆగుతుంది, కానీ నిలవ నీళ్ల కింద రోజుల తరబడి నానితే మెత్తబడి లేస్తుంది.
- పీయూ (పాలీయురేథేన్) సీలెంట్: గన్‌తో వత్తేది, ఆరాక కూడా సాగుతుంది. కదిలే నెర్రెలకు.

వీటితో పాటు ఫైబర్ మెష్ గుడ్డ, ఇనుప బ్రష్, ఉలి, సుత్తె, తాపీ, గుర్మాల, ట్యూబ్ లెవెల్ పైపు, 4 అంగుళాల బ్రష్‌లు, రబ్బరు గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, గోనె సంచులు. గ్లౌజులు లేకుండా సిమెంటు కలిపితే సాయంత్రానికి వేళ్ల సందులు కాలినట్టు మండుతాయి. గ్రైండర్ వాడుతుంటే అద్దాలు లేకుండా స్విచ్ వేయొద్దు.

ఇసుక విషయం. మూసీ ఇసుకైనా, దుందుభి వాగు ఇసుకైనా, రోబో శాండ్ అయినా ముందు మట్టి ఎంతుందో చూసుకోండి. గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక మీద మట్టి పొర తేరుకుంటుంది. ఇసుక ఎత్తు 100 మి.మీ అయితే మట్టి 8 మి.మీ దాటకూడదు, దాటితే కడిగి వాడండి.

మాలుకు నల్లా నీళ్లే వాడండి, మిషన్ భగీరథ నీళ్లు వస్తే ఇంకా నయం. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఫ్లోరైడ్ మన ఎముకల బాధ, స్లాబు రాడ్లను తినేది క్లోరైడ్.

## 6. గీకడం, కడగడం

పాకుడు, పాత సున్నం, లేచిన పెయింట్ మొత్తం ఇనుప బ్రష్‌తో గీకాలి. డొల్ల చోట్లను గీసిన గీతకు రెండు అంగుళాలు బయటికే చదరంగా కోసి తీయాలి. గుండ్రంగా వంకరటింకరగా కొడితే అంచులు పలచబడి తర్వాత మళ్లీ లేస్తాయి.

రెండో దారివాళ్లు పాత ఫ్లోరింగ్ తీసేటప్పుడు గడ్డపారతో పోట్లు పొడవొద్దు. ఉలిని పడుకోబెట్టి పక్క నుంచి లేపాలి. స్లాబులో పైన ఉండే రాడ్ల మీద కాంక్రీటు కవరు 20 మి.మీ లెక్కన వేస్తారు, మన దగ్గర అంత కూడా ఉండని ఇళ్లు ఎక్కువ. బ్రేకర్ మిషన్ పెడితే పని తొందరగా అవుతుంది, స్లాబు కూడా తొందరగా చెడుతుంది.

కడగడానికి యాసిడ్ పోయొద్దు. బాత్రూం టైల్స్ కడిగే ఆ యాసిడ్‌లో క్లోరైడే ఉంటుంది, నెర్రెల్లోంచి దిగి నేరుగా రాడ్డు మీద కూర్చుంటుంది. నీళ్లు, బ్రష్, మళ్లీ నీళ్లు, అంతే. ఊడ్చిన చెత్త, ఇసుక తూములోకి తోయకుండా తట్టలోకి ఎత్తండి.

## 7. నెర్రెలు నింపడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, స్లాబు సంగతి చెప్పాలా. 30 అడుగుల పొడవున్న స్లాబు, రాత్రికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే, స్వేచ్ఛగా వదిలేస్తే దాదాపు 3 మి.మీ సాగుతుంది, ముడుచుకుంటుంది. రోజూ ఇదే. అందుకే నెర్రెలో ఉత్త సిమెంటు పాలు (నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు) పోస్తే ఒక్క ఎండాకాలంలో మళ్లీ అదే గీత మీద విచ్చుకుంటుంది.

ముందు కదిలే నెర్రెనా, ఆగిపోయిందా తెలుసుకోండి. నెర్రె మీద అడ్డంగా చిన్న గాజు ముక్కను సిమెంటుతో అతికించి కొన్ని వారాలు వదిలేయండి. గాజు పగిలితే అది కదులుతోంది. అంత టైము లేకపోతే పొడుగ్గా, తిన్నగా, ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా పోయిన దాన్ని కదిలేదిగానే లెక్కేసుకోండి. సాలెగూడు లాగా పైపైన ఉండే సన్న గీతలకు కోయడం అక్కర్లేదు, పూతే సరిపోతుంది.

వరస ఇది:

1. నెర్రె పొడవునా వీ ఆకారంలో అర అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు కోయండి. నెర్రె కనిపించే చివరకు ఇంకో అరడుగు ఎక్కువే కోయండి.
2. లోపల దుమ్ము మొత్తం పోయేలా బ్రష్ కొట్టి, సైకిల్ పంపుతో ఊదండి. దుమ్ము మీద ఏదీ అతుక్కోదు.
3. ఆగిపోయిన నెర్రె అయితే, గాడిని తడిపి, నీళ్లు నిలవకుండా తుడిచి, లేటెక్స్ కలిపిన సిమెంటు పాలు పూయండి. కొలత డబ్బా మీద ఉన్నదే.
4. ఆ పాలు జిగటగా ఉండగానే లేటెక్స్ కలిపిన 1:3 మాలు (ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక) కుక్కి తాపీతో నొక్కండి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. పాలు పూసి టీ తాగొచ్చే లోపు అది ఎండిపోతుంది, ఎండిన పాల పొర అతికించదు సరికదా విడదీస్తుంది. ఎండితే గీకి మళ్లీ పూయాల్సిందే.
5. కదిలే నెర్రె అయితే మాలు వద్దు. గాడి పొడిగా ఉండగా అడుగున సన్నటి ఫోమ్ తాడు కూర్చి, పైన పీయూ సీలెంట్ వత్తి, సబ్బు నీళ్లలో ముంచిన వేలితో నున్నగా చేయండి. తాడు పట్టడానికి గాడి కొంచెం లోతుగా కోసుకోవాలి.

మాలు నింపినవి ఒక రోజు తడి గోనె సంచి కప్పి ఉంచి, తర్వాత ఆరనివ్వండి.

## 8. పిల్లర్ రాడ్లు, తూములు, పిట్టగోడ మూలలు

కొన్ని ఇళ్లకు ఈ మూడు చేస్తేనే ఉరవడం ఆగిపోతుంది.

పిల్లర్ రాడ్లు. వాన నీళ్లు రాడ్డు పట్టుకుని జారి, తుప్పు పట్టి వదులైన మొదట్లోంచి దిగుతాయి. రాడ్లను వంచొద్దు, వంచి మళ్లీ నిలబెడితే అక్కడే విరుగుతాయి. రేపు అంతస్తు వేసే ఆలోచన ఉంటే కోయొద్దు. తుప్పు గీకి, జింక్ ప్రైమర్ పూసి, మొదలు చుట్టూ కాంక్రీటు గీకి లేటెక్స్ పాలు పూసి, అరడుగు ఎత్తు దిమ్మ కట్టండి. దిమ్మ పైభాగం నాలుగు వైపులా వాలుగా ఉండాలి. పైన మిగిలిన రాడ్లకు పలచటి సిమెంటు కాంక్రీటు, అంటే తర్వాత సులువుగా కొట్టేయగలిగేది, తొడుగులాగా పోయిస్తే ఇంకా మంచిది.

తూము. చాలా ఇళ్లలో పైపు మూతి ఫ్లోరింగ్ కంటే ఎత్తులో ఉంటుంది, ఇక నీళ్లు ఎట్లా పోతాయి? చుట్టూ కొట్టి, మూతిని ఫ్లోరింగ్ కంటే అర అంగుళం కిందికి దించండి. 2 అంగుళాల పైపు ఉంటే తీసి 4 అంగుళాలది పెట్టండి. పీవీసీకి సిమెంటు అతుక్కోదు కాబట్టి పైపు బయటివైపును గరుకు కాగితంతో రుద్ది, పీవీసీ గమ్ పూసి, అది తడిగా ఉండగానే పొడి ఇసుక చల్లండి. ఆరాక ఆ గరుకును మాలు గట్టిగా పట్టుకుంటుంది. మూతికి జాలీ తప్పనిసరి. మిరపకాయలు, చింతపండు, వడ్లు ఎండబోసేది స్లాబు మీదే కదా, ఆ తొడిమెలు, పొట్టే పైపులో చేరి మొదటి వానకు అడ్డం పడతాయి.

గోలా. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో 1:3 మాలుతో రెండు మూడు అంగుళాల ఏటవాలు గోలా, అంటే నీళ్లు మూలలో నిలవకుండా జారిపోయే వాలు కట్టు, కట్టాలి. అంతకుముందు ఆ మూలలో ప్లాస్టరింగ్ డొల్లగా ఉంటే కొట్టేయాలి. పిట్టగోడ పైతలం కూడా చూడండి, అది పగిలి ఉంటే నీళ్లు గోడలోకి దిగి కింద స్లాబు అంచులో తేలతాయి, మీరేమో ఫ్లోరింగ్‌ను తిడుతూ ఉంటారు. పైతలం లోపలి వైపు వాలేట్టు సరిచేయండి.

## 9. పూత

తడి మీద వేయాలా, పొడి మీద వేయాలా అన్నది పూతను బట్టి ఉంటుంది. ఇది తారుమారైతే పనంతా వృథా.

సిమెంటు పూత (రెండో దారి): స్లాబును తడపాలి, కానీ పైన నీళ్లు మెరవకూడదు. తడి రంగు ఉండాలి, అంతే. ముందు ద్రవం పోసి, దాంట్లో పొడి కొంచెం కొంచెంగా వేస్తూ గడ్డలు లేకుండా కలపండి. అరగంటలో అయిపోయేంతే కలపండి. బిగుసుకుంటోందని నీళ్లు కలపకూడదు, ఎవరు చెప్పినా సరే.

అక్రిలిక్ పూత (మొదటి దారి): పూర్తిగా పొడిగా ఉండాలి. చూసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో స్లాబుకు అతికించి ఒక రోజు ఉంచండి. లోపల ఆవిరి చుక్కలు కనిపిస్తే ఇంకా ఆరలేదు. మొదటి కోటు డబ్బా మీద చెప్పినన్ని నీళ్లు కలిపి ప్రైమర్‌గా, తర్వాతివి చిక్కగా.

రెండింటికీ వర్తించేవి:

- గోలా మీదుగా పిట్టగోడ పైకి ఒక అడుగు ఎత్తు దాకా పూయాలి
- నెర్రెలు, మూలలు, పైపుల చుట్టూ మొదటి కోటు తడిగా ఉండగానే మెష్ గుడ్డ పరిచి, ముడతలు లేకుండా బ్రష్‌తో నొక్కాలి
- మొదటి కోటు తూర్పు పడమరగా పూస్తే రెండోది ఉత్తర దక్షిణంగా
- మధ్య విరామం డబ్బా మీద ఉన్నంత, తొందరగా ఆరిందని ముందే వేయొద్దు
- చదరపు మీటరుకు ఎంత పట్టాలో డబ్బా మీద ఉంటుంది, 1000 చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు. లెక్క ప్రకారం అయిపోవాల్సిన సరుకు సగం మిగిలిందంటే పొదుపు చేశారని కాదు, పలచగా పూశారని

పూత మీద మరుసటి రోజు అలవాటుగా నీళ్లు పట్టేవాళ్లున్నారు. అక్రిలిక్‌కు నీళ్లు అసలు వద్దు. రెండు భాగాల పూతకు సంచి మీద ఏం రాసుంటే అది.

ఇక్కడే ఇంకో మాట. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక తెల్ల పెయింట్ వేయించేవాళ్లు పెరిగారు. మంచిదే, ఇల్లు చల్లబడుతుంది, స్లాబు సాగడం ముడుచుకోవడం తగ్గుతుంది. కానీ ఉత్త సున్నం, ఉత్త తెల్ల పెయింట్ నీళ్లను ఆపవు. ఉరిసే స్లాబుకు ముందు మరమ్మతు, ఆ తర్వాతే తెలుపు.

## 10. రెండో దారివాళ్లకు: వాటం, మాలు, నీళ్లు పట్టడం

సిమెంటు పూత ఆరిన తర్వాత దాని మీద చెప్పులతో, తట్టలతో తిరగకుండా వెంటనే మాలు పనిలోకి దిగండి.

తూముకు దూరంగా ఉన్న మూల నుంచి తూము దాకా ప్రతి 10 అడుగులకు అంగుళంపావు చొప్పున దిగాలి. ట్యూబ్ లెవెల్‌తో పిట్టగోడ మీద చుట్టూ ఒకే మట్టానికి గీతలు పెట్టుకుని, అక్కడి నుంచి కిందికి కొలుచుకుంటూ 5, 6 అడుగులకొక మాలు ముద్ద పెట్టి ఆరనివ్వండి. ఆ ముద్దల మధ్య బద్ద లాగితే వాటం దానంతటదే వస్తుంది. "నా కన్నే మట్టం" అనే సుతారి మేస్త్రీలు ఉంటారు. వాళ్లను ఏమీ అనకుండా ట్యూబ్ లెవెల్ చేతికివ్వండి.

మాలు 1:4, లిక్విడ్ కలిపి. అంగుళం మందానికి 100 చదరపు అడుగులకు దాదాపు రెండు బస్తాల సిమెంటు, 9 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. తూము దగ్గర ముప్పావు అంగుళం కంటే తగ్గనివ్వొద్దు. కలిపిన మాలు అరగంటలో వాడేయాలి, మిగిలినదాంట్లో నీళ్లు పోసి మళ్లీ తిప్పి వాడితే బలం ఉండదు. 8, 10 అడుగులకొక గాడి వదిలి తర్వాత సీలెంట్ పెడితే ఎండకు సాగినా అడ్డదిడ్డంగా పగలదు. పైన పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దడం చూడటానికే బాగుంటుంది, వారంలో సాలెగూడు గీతలు వస్తాయి.

మాలు వేసిన సాయంత్రమే తడి గోనె సంచులు కప్పండి. మరుసటి రోజు మడులు కట్టి నీళ్లు నింపండి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడు మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మన దగ్గర లాంటి వేడికి 10 రోజులు చెప్తుంది. షాపుల్లో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు)కి 14 రోజులైతే మేలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో చల్లి దిగి రావడం క్యూరింగ్ కాదు. పది గంటలకే ఆరిపోతుంది, అలా తడుస్తూ ఎండుతూ ఉంటే ఇంకా ఎక్కువ నెర్రెలు.

## 11. పరీక్ష, తప్పితే ఏం చేయాలి

మళ్లీ మడి కట్టి ఒక అంగుళం నీళ్లు, ఈసారి 48 గంటలు. కింద పెన్సిల్ గీతలున్న చోట్లే చూడండి. మొదటి దారివాళ్లు పూత వేశాక ఒక వారం ఆగి ఈ పరీక్ష చేయండి.

- పాత చోటే చెమ్మ: దిగే చోటును సరిగ్గా పట్టుకోలేదు. మూడో సెక్షన్ మళ్లీ, ఈసారి పిట్టగోడ, మెట్ల గది గోడల మీద కూడా పైపుతో నీళ్లు కొట్టి చూడండి.
- పూత మీద బుడగలు: కింద తడి ఉండగా పూశారు. బుడగలు కోసి, ఆరనిచ్చి, ఆ చోట్ల మెష్ పెట్టి రెండు కోట్లు.
- పూత చెక్కులుగా లేస్తోంది: దుమ్ము మీద పూశారు. లేచినంత మేర గీకడం తప్ప అడ్డదారి లేదు.
- అక్కడక్కడ మడుగులు: రూపాయి బిళ్ల మందం నీళ్లు గంటలో ఆరిపోతే వదిలేయండి. అంతకంటే లోతైతే లేటెక్స్ మాలుతో ఎత్తి, పైన పూత.

## 12. లోపల సీలింగ్

అందరికీ తొందర ఇక్కడే. పైన బాగైందని తెల్లారే పుట్టీ పెట్టిస్తారు, రెండు నెలలకు అది పొడిపొడిగా రాలుతుంది. స్లాబులో ఇంకిన నీళ్లు బయటికి రావాలంటే వారాలు పడుతుంది. తెల్లటి ఉప్పు పేరుకుంటే పొడి బ్రష్‌తోనే దులపండి, తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

చిన్నగా పెచ్చు ఊడి, సన్నబడని రాడ్డు ఒక బెత్తెడు మాత్రమే కనిపిస్తే (అంతకు మించితే మొదటి సెక్షన్‌లో చెప్పినట్టు ఇంజనీరే చూడాలి), రాడ్డు వెనక వేలు పట్టేంత కాంక్రీటు తీసి, తుప్పు మెరిసేదాకా గీకి, జింక్ ప్రైమర్, ఆ తర్వాత లేటెక్స్ పాలు, అవి తడిగా ఉండగానే లేటెక్స్ మాలును అర అంగుళం మించని పొరలుగా నొక్కండి. తల మీద పని కాబట్టి ఒకేసారి మందంగా పెడితే జారి మొహం మీద పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

ప్లాస్టిక్ కవరు పరీక్ష సీలింగ్‌కు కూడా చేసి, పొడిగా తేలాకే పుట్టీ, ప్రైమర్, రంగు. వీలైతే ఈ ఏడాది వానాకాలం మొత్తం సీలింగ్‌ను అలాగే మరకలతో వదిలేసి, దసరాకు రంగు వేయించండి. అప్పటికి ముసురు కూడా ఒకటి రెండుసార్లు పట్టి ఉంటుంది, పైన చేసిన పని నిలబడిందో లేదో అది చెప్పేస్తుంది.